మొక్కు తీరిన మర్నాడు

కార్తీకమాసంలో అన్నవరం కొండ మీద గుండుని ఎవరూ తిరిగి చూడరు. ఎటు చూసినా నున్నటి తలలే, జుట్టున్నవాడే అక్కడ పరాయివాడు. అదే గుండుతో కొండ దిగి, రైలెక్కి, మర్నాడు పొద్దున్నే రాజమండ్రి శివార్లలోని ఫుట్‌బాల్ గ్రౌండులో అడుగుపెట్టేసరికి ఉదయ్‌భాస్కర్ ఒక వింత వస్తువైపోయాడు. జట్టులోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి తల నిమిరి వెళ్ళారు. ఇక వీడు హెడ్డర్ కొడితే బంతి జారి కాకినాడలో పడుతుందని ఒకడన్నాడు. ఉదయ్ కూడా నవ్వాడు. ఎండ నేరుగా మాడుకి తగులుతుంటే ఆ తల తనది కానట్టే ఉంది.

నవ్వనిది పీడీ, అంటే ఫిజికల్ డైరెక్టర్, ప్రసన్నకుమార్ ఒక్కరే. పాలకొల్లులో ఉదయ్ చదివే ప్రైవేటు కాలేజీకి ఆటల సంగతంతా ఆయనే చూస్తారు.

"ఇప్పుడే దొరికిందా నీకు ముహూర్తం?" అన్నారాయన.

"మా అమ్మ మొక్కుకుందండి. మోకాలు నయమై మళ్ళీ ఆడగలిగితే తలనీలాలు ఇప్పిస్తానని. మొక్కు బాకీ పెట్టుకుని గ్రౌండులో కాలు పెట్టకూడదందండి."

"గడ్డం కూడా మొక్కుకుందా?"

"అది గుండు చేసినాయన అడక్కుండానే లాగేశాడండి. సగం గీశాక నేనేం చేస్తానండి."

ప్రసన్నకుమార్ ఇంకేదో అనబోయి, షామియానా వైపు చూసి ఊరుకున్నారు. అక్కడ బల్ల వేసుకుని టోర్నమెంటు కమిటీ కూర్చుని ఉంది. ఆటగాళ్ళని ఒక్కొక్కరినే పిలిచి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టి పంపిన కాగితం మీది ఫొటోనూ ఎదురుగా ఉన్న మొహాన్నీ పోల్చి చూస్తున్నారు. బయటి కుర్రాళ్ళని తెచ్చి తమ విద్యార్థుల పేర్లతో ఆడించడం ఈ చుట్టుపక్కల కాలేజీలకు కొత్త కాదు. పెళ్ళిలో గిల్టు నగల్లాంటి వ్యవహారం అది. అందరికీ తెలుసు, ఎవరూ గీకి చూడరు. ఉదయ్ జట్టులో ఆ నగ పేరు సామ్యేలు. ఊళ్ళో సెంట్రింగ్ పనికి పోయే మనిషి. కాగితం మీద మాత్రం అతను బీఎస్సీ చదివే మణిశంకర్. అసలు మణిశంకర్ హాస్టల్లో పడుకుని ఉంటాడు, బంతి తన్నిన పాపాన పోలేదు.

సామ్యేలు మెడలోని సిలువ తాడు తీసి సాక్సులో దోపుకుని బల్ల దగ్గరికి వెళ్ళాడు. మణిశంకర్ కాగితం మీద అతికించింది సామ్యేలు ఫొటోయే కాబట్టి మొహం అచ్చుగుద్దినట్టు సరిపోయింది. టిక్కు పెట్టి పంపించేశారు. తరవాత ఉదయ్‌ని పిలిచారు. అతని ఫొటోలో చెవుల దాకా రింగుల జుట్టు, చెంపల నిండా గడ్డం.

"ఎవరండీ ఈ అబ్బాయి?" అన్నాడు పక్కన నిలబడ్డ శ్రీనివాసరాజు. భీమవరం నుంచి వచ్చిన జట్టుకి ఆయన పీడీ. రెండేళ్ళుగా ఆయన ఫార్వర్డుల్ని ఉదయ్ కదలనివ్వలేదు. "ఫొటోలో మనిషికీ ఈ గుండుకీ ఎక్కడైనా పొంతన ఉందా? నేను అబ్జెక్షన్ పెడుతున్నానండి."

కమిటీ పెద్ద శ్రీరామమూర్తి గారు ఫొటోని దూరంగా పట్టుకుని చూశారు. ఎప్పుడో రిటైరైన పీడీ ఆయన. ఇస్త్రీ చెదరని తెల్ల చొక్కా, జేబులో మూత తీసిన పెన్ను. యూనివర్సిటీ జట్టుని ఎంపిక చేసేది కూడా ఆయనే.

"నేనేనండి," అన్నాడు ఉదయ్. "నిరుడు మీ చేత్తోనే నాకు మెడల్ వేశారండి."

"ఎంతమందికో వేస్తుంటాం బాబూ. ఆధార్ ఉందా?"

ఆధార్ కార్డులో ఉన్నది అయిదో తరగతి పిల్లవాడు. కెమెరాని చూసి బెదిరిపోయి కళ్ళు ఇంతేసి చేసుకున్నాడు. శ్రీరామమూర్తి గారు చిన్నగా నవ్వి కార్డు వెనక్కిచ్చారు.

"మీ ప్రిన్సిపాల్ గారి చేత కొత్త ఫొటో మీద సంతకం చేయించుకురండి. మీ పీడీ గారి ద్వారానే రావాలి సుమా. అప్పటిదాకా పెండింగ్."

ఉదయ్ వెనక్కి తిరిగి ప్రసన్నకుమార్ వైపు చూశాడు. ఒక్క మాట, వీడు మావాడేనండి అంటే చాలు. మూడేళ్ళుగా పొద్దున్నే విజిల్ వేసి తనని పరిగెత్తించిన మనిషి ఫైలు తాడు విప్పి మళ్ళీ ముడి వేస్తున్నారు. ముడి వేయడం అయ్యాక కూడా తలెత్తలేదు.

వాటర్ ట్యాంకు వెనక్కి తీసుకెళ్ళి ఆయన గొంతు తగ్గించి చెప్పారు. "నీ కోసం గొడవ పెట్టుకుంటే అందరి కాగితాలూ మళ్ళీ తీస్తారు. సామ్యేలు సంగతి నీకు తెలుసుగా. టీమే పోతుంది. ఈ ఒక్క మ్యాచ్ ఓర్చుకో. ప్రిన్సిపాల్ గారికి ఫోన్ చేసి రేపటికల్లా తెప్పిస్తాను."

"ఆఖరి ఏడాది కదండి నాది."

"నాకు తెలీదా? రేపు ఆడుదువుగాని."

యూనివర్సిటీ జట్టుని ఈ మూడు రోజుల ఆటలోంచే ఏరుతారు. ఆడనివాణ్ణి చూడరు, చూడనివాణ్ణి రాసుకోరు. నిరుడు రాసుకునే సమయానికి మోకాలు మెలిపడింది. ఈసారి తప్పితే ఉదయ్‌కి ఇంకోసారి లేదు, బీకాం అయిపోతుంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఈ పూజారి ఫైలు చంకన పెట్టుకుని టాస్‌కి వెళ్ళిపోయాడు.

ఆ రోజు ఉదయ్ నీళ్ళు మోశాడు. ప్లాస్టిక్ డ్రమ్ములో ఐసు గడ్డ వేసి సుత్తితో పగలగొట్టాడు, సీసాలు నింపాడు, దెబ్బ తగిలినవాడి దగ్గరికి స్ప్రే పట్టుకుని పరిగెత్తాడు. గీత దాటి లోపలికి వెళ్ళిన ప్రతిసారీ కాళ్ళు వెనక్కి రావడానికి ఇష్టపడలేదు. తన చోట, లెఫ్ట్‌బ్యాక్‌గా, ఫస్టియర్ కుర్రాడొకణ్ణి పెట్టారు. వాడు బంతిని చూస్తాడు తప్ప మనిషిని చూడడు. వాడి వెనక ఖాళీ పడినప్పుడల్లా బెంచీ మీద కూర్చున్న ఉదయ్ ఎడమ కాలు తనంతట తనే పక్కకి జరిగేది. ఆట అయ్యేసరికి ఆడనివాడి పిక్కలు ఆడినవాడి పిక్కల్లా లాగేశాయి.

గెలిచారు, సామ్యేలు పుణ్యమా అని. బంతి కాలికి తగిలాక ఆ మనిషి తొందరపడడు. బరువైన పలకని భుజం మీద సరిచూసుకున్నట్టు ఒక్క క్షణం ఆగి, అప్పుడు కదులుతాడు. ఒకటే చిక్కు. "మణీ" అని అరిస్తే తిరగడు. ఎవరినో పిలుస్తున్నారనుకుని తన పని తను చేసుకుపోతాడు.

సాయంత్రం బస ఇచ్చిన స్కూలు కుళాయి దగ్గర జెర్సీలు ఉతికే పని కూడా ఉదయ్‌కే పడింది. సామ్యేలు వచ్చి పక్కన కూర్చుని ఒక్కోటీ పిండి ఇవ్వడం మొదలుపెట్టాడు. సిమెంటు తిని అరచేతులు బీటలు వారి ఉన్నాయి. సబ్బు తగిలినప్పుడల్లా పళ్ళ సందున గాలి పీలుస్తున్నాడు.

"ఉంచన్నా, నేను చేస్తాను," అన్నాడు ఉదయ్.

"ఆ పిల్లోడు నా వెనకాల ఆడుతుంటే వీధి తలుపు తీసి పడుకున్నట్టుంది," అన్నాడు సామ్యేలు. "నువ్వుంటే నేను వెనక్కి చూసుకోను. ఎప్పుడిస్తారంట కాగితం?"

"రేపు."

"నావల్లే కదా ఇదంతా."

ఉదయ్ ఇంకో జెర్సీకి సబ్బు రాశాడు. అవునన్నా బాగోదు, కాదంటే అబద్ధం. తరవాత సామ్యేలే అన్నాడు, "మా అమ్మ కూడా ఉపవాస ప్రార్థన పెట్టింది. గెలవాలని కాదు, కాలు విరక్కూడదని. విరిగితే సెంట్రింగ్‌కి ఎవడు పిలుస్తాడు?"

చీకటి పడుతుండగా తల్లి సత్యకుమారి ఫోన్ చేసింది. "ఆడావా నాన్నా?" అంది, హలో కూడా అనకుండా.

ఉదయ్ తడి చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాడు. "ఆడానమ్మా."

"మోకాలో?"

"ఏం నొప్పి లేదు."

"నే చెప్పలా? సత్యదేవుడు చల్లని తండ్రి," అంది ఆవిడ. సత్యదేవుడి మొక్కు తీర్చి వచ్చిన మర్నాడే తల్లితో ఆడిన అబద్ధం అది. గొంతు వణకకుండా వచ్చినందుకు ఉదయ్‌కి తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండో రోజు పొద్దున్న మంచుకి గ్రౌండంతా చిత్తడిగా ఉంది. సున్నం గీతలు అక్కడక్కడా చెరిగిపోతే డబ్బా పట్టుకుని ఉదయ్ మళ్ళీ గీస్తున్నాడు. ఊరికే కూర్చోవడం కన్నా అదే నయమనిపించింది. ప్రసన్నకుమార్ కనబడగానే డబ్బా కింద పెట్టి వెళ్ళాడు.

"ప్రిన్సిపాల్ గారు విజయవాడ మీటింగులో ఉన్నార్రా. ఫోనెత్తట్లేదు," అన్నారాయన.

ఉదయ్ తిరిగొచ్చి ఇంకో నాలుగడుగులు గీత గీశాడు. ఎందుకో చెయ్యి ఆగింది. జేబులోంచి ఫోన్ తీసి కాలేజీ ఆఫీసుకే చేశాడు. సూపరింటెండెంట్ సంపూర్ణమ్మ గారు ఎత్తారు.

"ప్రిన్సిపాల్ గారా? ఇక్కడే గదిలో ఉన్నారు బాబూ. రెండ్రోజుల్నించీ ఎక్కడికీ వెళ్ళలేదు. మీ పీడీ గారి ఫోన్ ఏదీ రాలేదే? సరే, నువ్వో ఫొటో తీసి పంపు. సంతకం పెట్టించి వాట్సాప్‌లో పెడతాను." పెట్టేసే ముందు అడిగారావిడ, "గుండు నీకేం బాగుంటుంది నాయనా, మంచి జుట్టు కదా నీది?"

ఆ ఒక్క మాటకి ఉదయ్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. కాలేజీలో ఫీజు కట్టేటప్పుడు తప్ప తనని చూడని మనిషికి తన జుట్టు గుర్తుంది.

ప్రిన్సిపాల్ సంతకంతో, స్టాంపుతో కాగితం సెమీఫైనల్ మొదలవకముందే ఫోనులోకి వచ్చేసింది. ఉదయ్ పరిగెత్తుకుంటూ తీసుకెళ్ళి చూపించాడు. ప్రసన్నకుమార్ ఫోన్ చేతిలోకి తీసుకోలేదు. స్క్రీను వైపు వంగి చూసి, మళ్ళీ నిటారుగా నిలబడ్డారు.

"నన్నడక్కుండా ఆఫీసుకి ఎందుకు చేశావు?"

"మీరు చేస్తానన్నారు కదండి. చెయ్యలేదన్నారండి ఆవిడ."

"ఈ వాట్సాప్ కాగితాలు చెల్లవు. ఒరిజినల్ కావాలి."

"ఒక్కసారి ఆయనకి చూపించండి సార్. చెల్లదంటే ఊరుకుంటాను."

"ఉదయ్, ఇటు చూడు," అన్నారు ప్రసన్నకుమార్. కోపంగా ఏం అనలేదు, నీరసంగానే అన్నారు. "ఫైనల్‌కి వెళ్తే నా పోస్టు రెన్యువల్ అవుతుంది. లేకపోతే వేసవిలో నేను ఇంట్లో కూర్చోవాలి. నువ్వు కుర్రాడివి, నీకు ముందు చాలా ఉంది. నన్ను ఇబ్బంది పెట్టకు."

ముందు ఏముందో ఉదయ్‌కి కనబడలేదు. ఎదురుగా ఐసు డ్రమ్ము కనబడింది. వెళ్ళి సీసాలు నింపాడు. ఆ మ్యాచ్ కూడా గెలిచారు. సామ్యేలు గోలు కొట్టినప్పుడు బెంచీ మీదవాళ్ళంతా లేచి గెంతారు. ఉదయ్ కూడా లేచాడు, సగం దూరం లేచి కూర్చున్నాడు.

ఫైనల్ భీమవరం జట్టుతోనే పడింది. సగం ఆట అయ్యేసరికి శ్రీనివాసరాజు కుర్రాళ్ళు రెండు గోల్స్ తిన్నారు. రెండూ సామ్యేలువే. కెప్టెన్ "మణీ, మణీ" అని గొంతు చించుకుని అరవడం, అతగాడు చెవుల్లో దూది పెట్టుకున్నవాడిలా పోతుండడం గీత పక్కన నిలబడి శ్రీనివాసరాజు కన్నార్పకుండా చూశాడు. విజిల్ పడగానే ఆయన జట్టు దగ్గరికి వెళ్ళలేదు. నేరుగా ఐసు డ్రమ్ము దగ్గరికి వచ్చాడు.

"బాబూ, ఆ ఏడో నంబరు కుర్రాడు మీ కాలేజీవాడేనా?"

ఉదయ్ సుత్తి పక్కన పెట్టాడు.

"నిన్ను అబద్ధమేం చెప్పమనట్లేదు కదా," అన్నాడు శ్రీనివాసరాజు మెత్తగా. "యూనివర్సిటీ లిస్టు రాస్తున్నారు. లెఫ్ట్‌బ్యాక్ ఒక్కటే ఖాళీ. మా వాడి పేరు అనుకుంటున్నారు, నువ్వయితే వాడు నీ ముందు ఎంత? కమిటీ ముందు ఉన్నమాట చెప్పు. మిగతాది నేను చూసుకుంటాను. రా."

ఉదయ్ ఆయన వెనకాలే నడిచాడు. ఎందుకు నడుస్తున్నాడో తనకి బాగానే తెలుసు. మొహమాటం కాదు, భయం కాదు, ఆ ఖాళీ కావాలి. షామియానా కింద ప్రసన్నకుమార్ అప్పటికే ఉన్నారు. మొహం మాడిపోయి ఉంది. కాస్త దూరంలో గడ్డి మీద కూర్చున్న సామ్యేలు ఇటే చూస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే బూటు తాళ్ళు వదులు చేసుకోవడం మొదలుపెట్టాడు.

శ్రీరామమూర్తి గారు కళ్ళజోడు తుడుచుకుని పెట్టుకున్నారు.

"చూడు ఉదయ్‌భాస్కర్, రాజుగారు ప్రొటెస్ట్ ఇచ్చారు. కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీ కాలేజీవాడివి నువ్వు ఉన్నావు కాబట్టి నిన్నే అడుగుతున్నాం."

ఉదయ్‌కి తక్కిన మాటలు సరిగ్గా వినబడలేదు. బల్ల మీద తన కాగితం లేదు. ఆయన దేన్నీ చూసి చదవలేదు.

"నేను ఉదయ్‌భాస్కర్‌నని మీకెలా తెలుసండి?"

బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. శ్రీరామమూర్తి గారికి విసుగొచ్చింది, పెద్దమనిషి కాబట్టి దాచుకున్నారు.

"అదేం ప్రశ్న బాబూ? గుండు చేయించుకుంటే మనిషి మారిపోతాడా? మొదటి రోజే గుర్తుపట్టాను. రాజుగారు అబ్జెక్షన్ పెట్టారు, మీ సార్ పట్టుబట్టలేదు. సొంత పీడీయే పట్టుబట్టనప్పుడు మేమేం చెయ్యగలం?"

ఉదయ్ శ్రీనివాసరాజు వైపు చూశాడు. ఆయన షామియానా గుంజకి కట్టిన తాడుని పరీక్షగా చూస్తున్నాడు. ప్రసన్నకుమార్ సరేసరి. అందరికీ తెలుసు. నీళ్ళు మోస్తున్నప్పుడూ తెలుసు, సున్నం గీస్తున్నప్పుడూ తెలుసు, తన మానాన తను ఫోను పట్టుకుని పరిగెత్తుతున్నప్పుడూ తెలుసు. తనెవరో నిరూపించుకోవాలని తిరిగినవాడు ఈ గ్రౌండు మొత్తం మీద తనొక్కడే. కోపం వస్తే బాగుండేది. వొళ్ళంతా అలసట కమ్ముకుంది, మోకాలు మెలిపడిననాడు కూడా అంత అలసట లేదు.

"ఇప్పుడు చెప్పు," అన్నారు శ్రీరామమూర్తి గారు. "ఆ అబ్బాయి మణిశంకరేనా?"

సామ్యేలు పేరు నాలుక చివరిదాకా వచ్చింది. లెఫ్ట్‌బ్యాక్ అన్న మాట కూడా దాని పక్కనే ఉంది. రెండూ కలిపి మింగాడు ఉదయ్.

"నన్ను ఎరిగినట్టే ఆయన్నీ ఎరిగే ఉంటారు కదండి. మధ్యలో నా సాక్ష్యం దేనికండి."

తరవాత శ్రీరామమూర్తి గారు సాక్ష్యం లేదు కాబట్టి ప్రొటెస్ట్ చెల్లదన్నారు. జేబులోంచి పెన్ను తీసి, ముందున్న లిస్టులో మిగిలిన ఆ ఒక్క ఖాళీలో భీమవరం కుర్రాడి పేరు రాసి, కింద సంతకం పెట్టి, పక్కవాళ్ళకి జరిపారు. ఉదయ్ అక్కడే నిలబడి ఉండగానే మిగతా సంతకాలూ అయిపోయాయి.

"బంగారంలాంటి అవకాశం కాలదన్నుకున్నావు," అన్నాడు శ్రీనివాసరాజు వెళ్తూ వెళ్తూ. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది.

బయటికి రాగానే ప్రసన్నకుమార్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. మొహం వికసించింది. "నిలబెట్టావురా టీముని. బూట్లేసుకో. రెండో సగం నువ్వే ఆడుతున్నావు."

"నా పేరు పెండింగ్ కదండి."

"ఇంకేం పెండింగ్? వాళ్ళ నోటితో వాళ్ళే ఒప్పేసుకున్నారు కదా నువ్వే నువ్వని. సామ్యేల్ని దించేస్తాను. రెండు గోల్సున్నాయి, ఇంక వాడితో రిస్కెందుకు? ఆ ఫస్టియర్‌వాణ్ణి ముందుకు పంపి నిన్ను నీ చోట పెడతాను." ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు అన్నారు, "మనసులో ఏం పెట్టుకోకు."

ఉదయ్ ఆ చేతిని భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు, కండువా తీసి పెట్టినట్టు. గడ్డి మీద సామ్యేలు పక్కన కూలబడ్డాడు. వెళ్ళి ఆడి మాత్రం ఏం లాభం? లిస్టు మడిచి కవర్లో పెట్టేశారు. కుర్చీలు ఖాళీ అవుతున్నాయి, భోజనాలకి లేస్తున్నారు.

సామ్యేలు తన షిన్‌ప్యాడ్లు విప్పి ఇచ్చాడు. "తడిగా ఉన్నాయి, ఏమనుకోకు."

"నిన్ను దించేస్తున్నారన్నా."

"విన్నాను. పోన్లే, రేపు ఊళ్ళో స్లాబు పనుంది." సాక్సులోంచి సిలువ తాడు తీసి మెడలో వేసుకున్నాడు. తరవాత గ్రౌండు వైపు చూస్తూ అన్నాడు, "వాళ్ళ పదకొండో నంబరు ఎడమకాలితోనే లోపలికి కోస్తాడు. బయటికి తోలుతూ ఉండు."

ఉదయ్ తలూపాడు. ఆ సంగతి రెండేళ్ళుగా అతనికీ తెలుసు. సగం ఆటసేపూ బెంచీ మీద కూర్చుని వాణ్ణి ఎలా ఆపాలో లోలోపల ఆపుతూనే ఉన్నాడు. షిన్‌ప్యాడ్లు కాళ్ళకి వెచ్చగా తగిలాయి. తాళ్ళు బిగించి, మోకాలు రెండుసార్లు వంచి చూసుకుని, లేచి గీత దగ్గరికి నడిచాడు. తను గీసిన సున్నమే బూటు కింద మెత్తగా తగిలింది.

రిఫరీ చిన్న అట్ట, పెన్సిలు పట్టుకుని వచ్చాడు.

"పేరు?"

"ఉదయ్‌భాస్కర్ అండి."

రిఫరీ తలెత్తి చూడకుండానే రాసుకుని, లోపలికి పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.